ఫెర్నే కదా అనుకున్నాను!

రాత్రి పదకొండున్నరకి మా పూర్ణం మూడోసారి వాంతి చేసుకుంది.

పూర్ణం మా కుక్క. జాతి కుక్కేం కాదు, అచ్చమైన వీధి కుక్క. రెండేళ్ళ కిందట మా ఆఫీసు ఎదురుగా టీ బండి కింద వానలో వణుకుతూ దొరికింది. బూరెలో పూర్ణంలా గుండ్రంగా, అదే రంగులో ఉండేది. అందుకే ఆ పేరు. ఇప్పుడు పదిహేను కిలోలు. ఇంట్లో చెప్పులు, సాక్సులు, చార్జర్ వైర్లు అన్నీ రుచి చూసేసింది. ఒక్క మొక్కల జోలికి మాత్రం వెళ్ళేది కాదు. లేదా నేనలా అనుకున్నాను.

ఆ రాత్రి హాల్లో లైటు వేసి చూస్తే, నేల మీద పచ్చటి నురగ. అందులో సన్నగా సూదుల్లాంటి ఆకులు, ఒకట్రెండు ఎర్రటి తొక్కలు. పూర్ణం సోఫా పక్కన ముడుచుకుని పడుకుంది. పిలిస్తే తోక కూడా ఊపలేదు.

అప్పటికి మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి వారమైంది. చప్పుడుకి లేచి వచ్చి, "ఏం తిందే ఇది?" అంది.

"బాల్కనీలో ఫెర్న్ నమిలినట్టుందమ్మా. భయం లేదులే. ఫెర్న్ కుక్కలకి ఏం చెయ్యదు. నేను ముందే చూశాను" అన్నాను. నిజంగానే చూశాను. మొక్క ఇంటికి వచ్చిన రోజే ఫోన్‌లో వెతికాను. 'ఫెర్న్ కుక్కలకు క్షేమమే' అని స్పష్టంగా ఉంది.

అమ్మ ఒక్కటే అడిగింది: "ఏ ఫెర్నే?"

ఒకే పేరు... రెండు మొక్కలు

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మా ఊరికి కడియం దగ్గర. కడియం, కడియపులంక నర్సరీల గురించి మీకు చెప్పక్కర్లేదు. అమ్మ హైదరాబాద్ వచ్చినప్పుడల్లా గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో పచ్చళ్ళ సీసాలతో పాటు ఒక మొక్క కూడా దిగుతుంది. ఆర్నెల్ల కిందట అలా వచ్చిందే మొదటి ఫెర్న్. పొడవాటి ఆకులు, జడలా అటూ ఇటూ చిన్న రెక్కలు, కుండీ చుట్టూ కిందికి జారుతూ ఎంతో అందంగా ఉంటుంది. దాన్ని బోస్టన్ ఫెర్న్ అంటారు. నేను వెతికింది దీని గురించే.

తర్వాత రెండు నెలలకి నల్లగండ్ల రోడ్డు మీద తోపుడు బండిలో ఇంకో మొక్క కనిపించింది. మెత్తగా, కుచ్చులా, లేత పచ్చగా ఉంది. "ఇదేం మొక్క బాబూ?" అంటే, "ఫెర్నే మేడమ్, నీళ్ళు పోస్తే చాలు" అన్నాడు. నూట యాభైకి బేరమాడి తెచ్చి, అమ్మ ఇచ్చిన కుండీ పక్కనే నేల మీద పెట్టాను. మళ్ళీ వెతకలేదు. ఎందుకు వెతకాలి? ఫెర్న్ గురించి ఒకసారి చూశాను కదా!

నేను రోజూ చేసే పని కోడ్ రాయడం. రెండు వేర్వేరు వాటికి ఒకే పేరు పెడితే ప్రోగ్రామ్ ఎక్కడో ఒకచోట కొంప ముంచుతుందని కొత్తగా చేరిన పిల్లలకి నేనే పాఠం చెబుతాను. ఆ పాఠం నా బాల్కనీలో నాకు గుర్తు రాలేదు.

అమ్మ టార్చి పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళింది. "ఇది నేను తెచ్చింది కాదు. చూడు, కాడలకి ముళ్ళున్నాయి. ఎర్ర కాయలు కూడా కాసింది. మా చిన్నప్పుడు కంచెల్లో పిల్లిపీచర అల్లుకునేది, అచ్చం అలా ఉంది" అంది.

అమ్మ మాట అక్షరాలా నిజం. నేను ఫెర్న్ అనుకుని తెచ్చుకున్న దాని పేరు ఆస్పరాగస్ ఫెర్న్. పేరులో ఫెర్న్ ఉంది గానీ అది ఫెర్న్ కానే కాదు. ఆయుర్వేదంలో శతావరి అని వాడే మన పిల్లిపీచరకి అది దగ్గరి చుట్టం. దాని పుట్టిల్లు దక్షిణాఫ్రికా ప్రాంతం. మళ్ళీ ఫోన్ తీసి ఈసారి పూర్తి పేరుతో వెతికాను. అమెరికాలో ఏఎస్‌పీసీఏ అనే జంతు సంక్షేమ సంస్థ కుక్కలకీ పిల్లులకీ ఏ మొక్కలు పడవో ఒక పెద్ద జాబితా పెట్టింది. అందులో బోస్టన్ ఫెర్న్ క్షేమమైన మొక్కల వైపు ఉంది. ఆస్పరాగస్ ఫెర్న్ విషపు మొక్కల వైపు ఉంది.

నాకు చెమటలు పట్టేశాయి.

ఉప్పునీళ్ళ గ్లాసు

పక్క ఫ్లాట్ ఆంటీ తలుపు తీసి సంగతి విని, "ఉప్పునీళ్ళు పట్టించండి, మొత్తం కక్కేస్తుంది" అన్నారు. మన ఇళ్ళల్లో ఎవరికి ఏం జరిగినా ముందు వినిపించే వైద్యం అదే కదా. అమ్మ అప్పటికే గ్లాసులో ఉప్పు కలిపేసింది. ఈలోగా రాత్రంతా తెరిచి ఉండే పశువుల ఆసుపత్రికి ఫోన్ కలిసింది. అవతల డాక్టర్ గారు మొదటి మాటగా, "ఉప్పునీళ్ళు మాత్రం వద్దమ్మా. ఉప్పు ఎక్కువైతే అదే ఇంకో విషం. ఏం తిందో ఆ కొమ్మ ఒకటి తుంచి కవర్లో వేసుకుని రండి" అన్నారు.

తర్వాత ఆయన వివరంగా చెప్పారు. ఉప్పు ఎక్కువగా పోస్తే కుక్క ఒంట్లో సోడియం ఒక్కసారిగా పెరిగి, వణుకు, ఫిట్స్ వస్తాయి. ప్రాణం పోయే ప్రమాదమూ ఉంది. మత్తుగా ఉన్న కుక్కని బలవంతంగా కక్కిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పాలు, పెరుగు పోయడం విరుగుడేమీ కాదు. కక్కించాలా వద్దా, ఏ మందుతో అన్నది డాక్టరే తేల్చాలి.

కారు వెనక సీట్లో అమ్మ ఒళ్ళో పూర్ణం. ఈ కుక్కని తెచ్చుకున్న కొత్తలో "పూజ గది ఉన్న ఇంట్లో కుక్కేంటే" అని నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడని మనిషి, ఆ రాత్రి చీర కొంగుతో దాని మూతి తుడుస్తూ కూర్చుంది. నేను అద్దంలో చూడటం మానేసి రోడ్డు చూశాను. అది బతక్కపోతే తప్పు ఎవరిదో నాకు తెలుసు.

ఆసుపత్రిలో అడిగిన మొదటి ప్రశ్న, "ఏం తింది?"

"ఫెర్న్."

"ఏ ఫెర్న్?"

ఒకే రాత్రి అదే ప్రశ్న రెండోసారి. ఈసారి జవాబు కవర్లో ఉంది. డాక్టర్ గారు కొమ్మని లైటు కింద తిప్పి చూసి, "ఆస్పరాగస్. బతికిపోయారు" అన్నారు. ఈ మొక్కలో సాపోజెనిన్లు అనే పదార్థాలు ఉంటాయి. ముఖ్యంగా కాయలు తింటే వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి. పదే పదే దానికి ఒళ్ళు రాసుకుంటే చర్మం ఎర్రబడి దురద పుడుతుంది. ఇబ్బందే గానీ సాధారణంగా ప్రాణం మీదికి రాదు. వాంతులు ఆగడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. చర్మం కింద సెలైన్ ఎక్కించారు. తెల్లవారుజామున నాలుగింటికి పూర్ణం లేచి నీళ్ళు తాగింది. అమ్మ అక్కడే బెంచీ మీద కూర్చుని దండం పెట్టుకుంది.

మేం బయల్దేరుతుంటే డాక్టర్ గారు ఒక మాటన్నారు. "ఇదే సైకస్ అయి ఉంటే, ఈ పాటికి మనం ఇలా మాట్లాడుకునేవాళ్ళం కాదు."

అసలైన ఫెర్న్‌ని గుర్తుపట్టేదెలా?

నేను చదివింది ఎంపీసీ. పదో తరగతి తర్వాత మొక్కల గురించి చదివింది లేదు. ఆ మర్నాడు సెలవు పెట్టి బాల్కనీలో కూర్చుని మొదటి నుంచి మొదలుపెట్టాను. తేలిందేమిటంటే, దుకాణాల్లో 'ఫెర్న్' అనేది ఒక మొక్క పేరు కాదు, ఒక వాలకం. కుచ్చులా, ఈకలా కనిపించే ప్రతిదాన్నీ ఫెర్న్ అనేస్తారు. అసలైన ఫెర్న్‌కి మూడు గుర్తులున్నాయి.

ఒకటి: దానికి పువ్వు పూయదు, కాయ కాయదు, విత్తనం ఉండదు. మీ కుండీలో ఫెర్న్‌కి చిన్న తెల్ల పువ్వో ఎర్ర కాయో కనిపించిందంటే అది ఫెర్న్ కాదు. అంతే.

రెండు: ముదురు ఆకు తిరగేసి చూస్తే అడుగున గోధుమరంగు చుక్కలు వరసగా ఉంటాయి. వాటిలోనే సిద్ధబీజాలు ఉంటాయి. ఫెర్న్ సంతానం వాటితోనే పెరుగుతుంది. (వాటిని పురుగు పట్టిందనుకుని నేను ఒకసారి వేపనూనె కూడా కొట్టాను. నవ్వకండి!)

మూడు: కొత్త ఆకు గడియారం స్ప్రింగులా చుట్టలు చుట్టుకుని పైకి వచ్చి, మెల్లగా విప్పుకుంటుంది.

ఇళ్ళల్లో పెంచే అసలైన ఫెర్న్‌లలో బోస్టన్ ఫెర్న్, మెయిడెన్‌హెయిర్ ఫెర్న్, బర్డ్స్ నెస్ట్ ఫెర్న్, స్టాగ్‌హార్న్ ఫెర్న్ కుక్కలకి విషం కావు. అలాగని అవి వాటికి సలాడ్ అనుకోవద్దు. పీచు ఎక్కువ కాబట్టి బాగా మేస్తే కక్కుకోవచ్చు. విషం లేకపోవడం వేరు, కడుపుకి పడటం వేరు.

ఇంకో సంగతి. అసలైన ఫెర్న్ అయినంత మాత్రాన అన్నీ మంచివి కావు. కొండల్లో పెరిగే బ్రాకెన్ అనే ఫెర్న్ పశువులకి విషం. దాన్ని చాలాకాలం మేసిన ఆవులకి మూత్రంలో రక్తం పడుతుంది, మూత్రాశయంలో కణుతులు వస్తాయి. హిమాలయ ప్రాంతంలో రైతులకి ఇది తెలిసిన బాధే. అదృష్టం ఏమిటంటే, బ్రాకెన్‌ని ఎవరూ కుండీలో పెట్టుకోరు. అంటే 'ఫెర్న్ మంచిదా?' అన్న ప్రశ్నకి జవాబే లేదు. 'ఈ కుండీలో ఉన్నది ఏది?' అన్న ప్రశ్నకే జవాబుంది.

"జంతువులకి ఏది తినాలో ఏది తినకూడదో వాటికే తెలుస్తుంది" అని కొందరంటారు. అమ్మ దాన్ని ఒక్క ముక్కలో తేల్చేసింది: "మందలో పెరిగిన మేక తల్లిని చూసి నేర్చుకుంటుంది. సోఫా మీద పెరిగింది ఎవర్ని చూసి నేర్చుకుంటుందే?"

లిఫ్టు పక్కన ఉన్నదేమిటి?

డాక్టర్ గారు అన్న సైకస్ మాట నన్ను వదల్లేదు. ఫోన్‌లో బొమ్మ చూడగానే గుండె గుభేలుమంది. దాన్ని రోజూ చూస్తూనే ఉన్నాను. మా అపార్ట్‌మెంటు లాబీలో లిఫ్టుకి రెండు వైపులా ఇత్తడి కుండీల్లో ఉన్నవి అవే!

పొట్టిగా లావాటి మొదలు, పైన గొడుగులా విచ్చుకున్న గట్టి ముదురు ఆకుపచ్చ ఆకులు. ఫంక్షన్ హాళ్ళ గుమ్మాల్లో, హోటళ్ళ ముందు మీరూ చూసే ఉంటారు. సాగో పామ్ అంటారు. దీని లేత ఆకులు కూడా చుట్టలు చుట్టుకునే వస్తాయి కాబట్టి కొందరు ఫెర్న్ పామ్ అని కూడా పిలుస్తారు. నిజానికి అది ఫెర్నూ కాదు, పామూ కాదు. సాగో అన్నారు కదా అని మన సగ్గుబియ్యంతో ముడిపెట్టకండి. మన సామర్లకోట వైపు తయారయ్యే సగ్గుబియ్యం కర్రపెండలం దుంపల నుంచి వస్తుంది. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఈ మొక్కలో సైకాసిన్ అనే విషం ఉంటుంది. ఆకు, మొదలు, వేరు అన్నీ విషమే. గింజల్లో మరీ ఎక్కువ. ఒకటి రెండు గింజలు చాలు, కుక్క ప్రాణం మీదికి రావడానికి. ముందు వాంతులు అవుతాయి. తర్వాత కాస్త తేరుకున్నట్టు కనిపించినా, రెండు మూడు రోజుల్లో కాలేయం దెబ్బతిని కళ్ళు, చిగుళ్ళు పచ్చబడతాయి. వైద్యం చేసినా చాలా కుక్కలు దక్కవు. అందుకే సైకస్ నమిలిందని అనుమానం వచ్చినా, వాంతులు మొదలయ్యే దాకా ఆగకుండా పరుగెత్తాలి.

అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో రాశాను. "రెండేళ్ళుగా ఉన్నాయి, ఎవరికేమైంది?" అని ఒకరు. "కుక్కల్ని పెంచేవాళ్ళే జాగ్రత్త పడాలి, మొక్కలేం చేశాయి" అని ఇంకొకరు. సెక్రటరీ అంకుల్ "చూద్దామమ్మా" అన్నారు. చూద్దాం అంటే ఏమిటో మీకు తెలుసు కదా. మర్నాడు నేను నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ మనవరాలికి పదకొండు నెలలు. అప్పుడప్పుడే పాకుతోంది, దొరికింది దొరికినట్టు నోట్లో పెట్టుకుంటోంది. "అంకుల్, ఇది కుక్కలకే కాదు, మనుషులకీ విషమే" అన్నాను. ఆయన మాట్లాడకుండా చెప్పులేసుకుని నాతో కిందికి వచ్చారు. ఆ సాయంత్రానికే కుండీలు గేటు పక్కన కమ్మీల వెనక్కి వెళ్ళాయి. లిఫ్టు పక్కకి అరెకా పామ్‌లు వచ్చాయి. అవి కుక్కలకి విషం కావు.

మొక్కే కాదు, మట్టి కూడా

ఇంకో విషయం నాకు ఎవరూ ముందు చెప్పలేదు. ఆకు మంచిదైనా కుండీలో వేసింది మంచిది కాకపోవచ్చు. మొక్కలకి ఎరువుగా ఆముదం చెక్క వేస్తాం. ఆముదం నూనె తీశాక మిగిలే ఆ పిప్పిలో రైసిన్ అనే విషం ఉంటుంది. వేడితో సరిగ్గా శుద్ధి చేయకపోతే అది అలాగే మిగిలిపోతుంది. దాని వాసనకి కుక్కలు ఇష్టంగా తింటాయి, చచ్చిపోయినవీ ఉన్నాయి. ఎముకల పొడి సంగతీ అంతే. వాసనకి మట్టితో సహా మేసేస్తే కడుపులో ముద్దకట్టి అడ్డం పడుతుంది. మా ఇంట్లో ఇప్పుడు వర్మీకంపోస్టు తప్ప ఇంకేం లేదు. నత్తల మందు, పురుగు మందు ఇంట్లోకి రావడమే లేదు.

మీ ఇంట్లో ఒకసారి చూసుకోండి

- మనీ ప్లాంట్, డంబ్‌కేన్: వీటి ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. నమిలితే నోరు మండి, చొంగ కారుతుంది. కుండీ ఎత్తులో పెట్టండి, తీగ కిందికి వేలాడనివ్వకండి.

- కలబంద, స్నేక్ ప్లాంట్: వాంతులు, విరేచనాలు అవుతాయి. కలబంద మన ముఖానికి మంచిదని కుక్క కడుపుకీ మంచిదనుకోవద్దు.

- గన్నేరు: ఏ రంగు పువ్వుదైనా సరే, గుండె మీద పనిచేసే విషం. కుక్క తిరిగే చోట అసలు వద్దు.

- నిశ్చింతగా పెంచుకోగలిగినవి: బోస్టన్ ఫెర్న్, స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్.

- ఏదైనా తింటే: నోట్లో మిగిలిన ముక్కలు తీసేయండి. ఎప్పుడు తింది, ఎంత తింది, కుక్క బరువెంత, ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. మొక్క కొమ్మో ఫోటోనో వెంట తీసుకెళ్ళండి. రాత్రి తెరిచి ఉండే పశువుల ఆసుపత్రి నంబరు ఈరోజే ఫోన్‌లో పెట్టుకోండి. అర్ధరాత్రి వణుకుతున్న చేతులతో వెతకడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

చీటీ కట్టిన మొక్క

ఆస్పరాగస్‌ని పారేయలేదు. కుక్కలు లేని స్నేహితురాలికి దాని అసలు పేరు చెప్పి మరీ ఇచ్చాను. బోస్టన్ ఫెర్న్ కొక్కేనికి వేలాడుతోంది. పూర్ణం దాని కిందే పడుకుంటుంది, అప్పుడప్పుడు తలెత్తి చూస్తుంది. దాని మనసులో ఏముందో నాకు తెలీదు. అందుకే కొక్కెం ఇంకో అడుగు పైకి బిగించాను.

పోయిన నెల అమ్మ మళ్ళీ గౌతమిలో దిగింది. ఒక చేతిలో ఆవకాయ సీసా, ఇంకో చేతిలో కొత్త మొక్క. కుండీకి దారంతో ఒక చీటీ కట్టి ఉంది. నర్సరీ కుర్రాడి చేత రాయించుకొచ్చిందట. వంకర అక్షరాలతో 'బర్డ్స్ నెస్ట్ ఫెర్న్' అని ఉంది. దాని కింద అమ్మ చేతి రాతతో ఇంకో రెండు ముక్కలు:

"పువ్వు లేదు. కాయ లేదు. అడిగాను."